మేనమామకీ మేనల్లుడికీ మధ్య ఇజ్రాయెల్, పాలస్తీనా

ప్రశ్న: మాది గుంటూరు, లూథరన్ కుటుంబం. మా తమ్ముడు చాలా ఏళ్లుగా ఇజ్రాయెల్‌లో హెర్జ్‌లియా అనే ఊళ్లో కేర్‌గివర్‌గా ఒక పెద్దావిడని చూసుకుంటున్నాడు. మా అబ్బాయి అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్నాడు. వాడి రూమ్మేట్ పాలస్తీనా అబ్బాయి, ఆ అబ్బాయి పెదనాన్న కుటుంబం గాజాలో బాంబుదాడిలో పోయిందట. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఈ మామాఅల్లుళ్లది రోజూ యుద్ధమే. మా వాడు ‘జియోనిజం (యూదులకు సొంత దేశం కావాలనే ఉద్యమం) అంటే జాత్యహంకారం, ఇజ్రాయెల్ దొంగిలించిన దేశం’ అంటాడు. మా తమ్ముడు ‘అది దేవుడు వాళ్లకిచ్చిన నేల, నువ్వు టెర్రరిస్టుల్ని వెనకేసుకొస్తున్నావు’ అంటాడు. చివరికి మా వాడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు. క్రిస్మస్‌కి ఇద్దరూ ఇంటికొస్తున్నారు, నాకు ఇప్పట్నుంచే టెన్షన్. అసలు తప్పెవరిది? వీళ్లకి నేనేం చెప్పాలి? ఇంకోటి, మా సంఘం వాళ్లు జెరూసలేం యాత్ర వేస్తున్నారు, వెళ్లొచ్చంటారా?

సమాధానం: అమ్మా, మీ ఇంట్లో వాదించుకునే ఇద్దరూ పేపర్లో చదివి ఆవేశపడేవాళ్లు కారు. ఒకరు సైరన్ మోగితే నడవలేని పెద్దావిడని పట్టుకుని సేఫ్ రూమ్‌లోకి వెళ్లాల్సిన ఉద్యోగంలో ఉన్నారు. ఇంకొకరు చావు కబురు వచ్చిన స్నేహితుడి పక్కనే ఉంటున్నారు. ఇద్దరి కోపానికీ కారణం ఉంది. కానీ వాట్సాప్ దాకా వచ్చేసరికి చూసినవీ విన్నవీ వెనక్కిపోయి, ఎవరో తయారుచేసిన ఫార్వర్డులు ముందుకొచ్చేశాయి, ఇక అక్కడ్నుంచి ఎవరు పట్టిన కుందేలుకి వాళ్లు మూడే కాళ్లంటున్నారు.

‘తప్పెవరిది’ అని మీరు ఒక్క ప్రశ్నగా అడిగారు. అలా అడిగినంత కాలం జవాబు రాదండీ. నూట ముప్పై ఏళ్ల కథ ఇది. ఇందులో లండన్ మంత్రులున్నారు, రష్యా జార్‌లున్నారు, హిట్లర్ ఉన్నాడు, అరబ్ రాజులున్నారు, ఇజ్రాయెల్ ప్రధానులున్నారు, గాజాని ఏలిన సాయుధ సంస్థ హమాస్ ఉంది, అమెరికా ఉంది. ఏ సంవత్సరంలో, ఎవరు, ఏం చేశారు అని విడివిడిగా అడిగితే మాత్రం చాలావాటికి సూటిగానే జవాబులున్నాయి. నా అభిప్రాయం కూడా దాచకుండా చెప్తాను, మీవాళ్లిద్దరికీ అందులో నచ్చనివి ఉంటాయి.

ముందు మీ తమ్ముడి మాట తీసుకుందాం. ఆయన ఉంటున్న హెర్జ్‌లియాకి ఆ పేరు థియోడర్ హెర్జెల్‌ని బట్టే వచ్చింది. హెర్జెల్ వియన్నాలో పేరున్న జర్నలిస్టు, 1896లో యూదులకొక రాజ్యం కావాలని పుస్తకం రాశాడు, మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో మొదటి జియోనిస్టు మహాసభ జరిపాడు. ఆయన మతనిష్ఠ ఉన్నవాడేమీ కాదు. 1903లో బ్రిటన్ ‘తూర్పు ఆఫ్రికాలో స్థలం ఇస్తాం’ అంటే దాన్ని కూడా సభ ముందు చర్చకు పెట్టాడు. ఆ రోజుల్లో చాలామంది నిష్ఠాగరిష్ఠులైన రబ్బీలు (యూదు మతగురువులు), మెస్సీయ రాకముందే మనుషులు రాజ్యం కట్టుకోవడమేంటని జియోనిజాన్ని గట్టిగా వ్యతిరేకించారు. కాబట్టి ‘దేవుడిచ్చాడు’ అన్నది ఈ రాజ్యం పుట్టడానికి అసలు కారణం కాదు. అసలు కారణం భయం. 1881 తర్వాత రష్యా సామ్రాజ్యంలో యూదుల ఇళ్ల మీద వరసగా మూకదాడులు జరిగాయి, 1903లో కిషినేవ్‌లో ఈస్టర్ రోజుల్లో 49 మందిని చంపేశారు. ఫ్రాన్స్ లాంటి నాగరిక దేశంలో కూడా డ్రేఫస్ అనే యూదు సైనికాధికారి మీద దొంగ కేసు పెట్టి, వీధుల్లో యూదులకు చావు అని అరిచారు. ఎక్కడా మనకు చోటు లేదు, మన చోటు మనమే వెతుక్కోవాలి అన్న ఆలోచన అలా గట్టిపడింది. ఇది బైబిలు వాక్యం కన్నా బలమైన వాదన. మీ తమ్ముడు దీన్ని వదిలేసి దేవుణ్ణి మధ్యలోకి తెస్తే అవతలివాడికి మాట్లాడటానికి ఏమీ మిగలదు, తలుపు వేసుకుని వెళ్లిపోతాడు. మీ వాడు చేసింది అదే.

ఇక మీ అబ్బాయి. జియోనిజం జాత్యహంకారం అన్న మాట వాడు సొంతంగా కనిపెట్టింది కాదు, 1975లో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ అచ్చంగా అలాగే తీర్మానం చేసింది, భారత్ కూడా అనుకూలంగా ఓటేసింది. 1991 డిసెంబరులో అదే అసెంబ్లీ ఆ తీర్మానాన్ని రద్దు చేసింది, అప్పుడు భారత్ రద్దుకి ఓటేసింది, మరుసటి నెలలోనే ఇజ్రాయెల్‌తో పూర్తిస్థాయి దౌత్య సంబంధాలు పెట్టుకుంది. పదహారేళ్లలో జియోనిజం మారలేదు, ప్రపంచ రాజకీయం మారింది. అందుకని ఓట్లు చూపించి ఇద్దరూ ఒకరి నోరు ఒకరు మూయించలేరు.

మీ వాణ్ణి ఒకటే అడగండి: ‘ఏ జియోనిజం గురించి మాట్లాడుతున్నావురా?’ అహద్ హాఅమ్ అనే రచయిత 1891లోనే పాలస్తీనా చూసొచ్చి, అక్కడ ఖాళీ నేల పెద్దగా లేదు, మనవాళ్లు అరబ్బులతో క్రూరంగా ప్రవర్తిస్తున్నారు అని సొంతవాళ్లకే చీవాట్లు పెడుతూ రాశాడు. ఆయనా జియోనిస్టే. మార్టిన్ బూబర్, జెరూసలేంలో హీబ్రూ విశ్వవిద్యాలయాన్ని నడిపిన జూడా మాగ్నెస్ లాంటివాళ్లు యూదులూ అరబ్బులూ సమాన హక్కులతో ఒకే దేశంలో ఉండాలన్నారు. మరోవైపు జబోటిన్స్కీ అనే ఇంకో జియోనిస్టు నాయకుడు 1923లో, ఏ దేశంలోనూ అక్కడి జనం తమ నేలను ఇష్టపూర్వకంగా ఇవ్వరు, కాబట్టి బలంతో ఇనుప గోడ కట్టాల్సిందే అని మొహమాటం లేకుండా రాశాడు. ఇవాళ పాలస్తీనీయులుండే వెస్ట్ బ్యాంక్ ప్రాంతపు కొండల మీద ఇళ్లు కట్టుకుని ఇదంతా మాకు రాసిపెట్టిందే అనేవాళ్లూ జియోనిస్టులమనే చెప్పుకుంటారు. మీ వాడికి నచ్చనిది యూదులకొక దేశం ఉండటమా, ఆ దేశం పక్కవాళ్ల నేల ఆక్రమించుకుని కూర్చోవడమా? ఈ రెండిట్లో దేనికి జవాబు చెప్తున్నాడో తేలితే సగం గొడవ అక్కడే తగ్గుతుంది. రెండోదైతే, ఇజ్రాయెల్‌లో ఉన్న ఎంతోమంది యూదులు కూడా వాడి పక్కనే నిలబడతారు.

‘దొంగిలించిన దేశం, బ్రిటిష్‌వాళ్ల లాంటి వలస పాలకులు’ అన్న వాదన కొంతవరకు నిలబడుతుంది, కొంత దూరం పోయాక ఆగిపోతుంది. బ్రిటిష్ అండ లేకుండా జియోనిజం అంత దూరం వచ్చేది కాదన్నది నిజం. కానీ మన దగ్గరున్న బ్రిటిష్ కలెక్టరు వెనక్కి పోవడానికి ఇంగ్లండు ఉంది. కిషినేవ్ నుంచి పారిపోయినవాడికి వెనక్కి పోయే దేశం లేదు. 1924లో అమెరికా వలసలకు తలుపులు దాదాపు మూసేసింది. 1938లో ఫ్రాన్స్‌లోని ఏవియాన్‌లో 32 దేశాలు కూర్చుని యూదు శరణార్థుల గురించి జాలి పడ్డాయి, డొమినికన్ రిపబ్లిక్ తప్ప పెద్ద సంఖ్యలో తీసుకుంటామన్న దేశం లేదు. 1939లో సెయింట్ లూయిస్ అనే ఓడలో 937 మంది వెళ్తే క్యూబా కొద్దిమందిని తప్ప దిగనివ్వలేదు, అమెరికా, కెనడా ఎవరినీ రానివ్వలేదు, యూరప్ తిరిగొచ్చినవాళ్లలో 254 మంది ఆ తర్వాత నాజీల చేతుల్లో పోయారు. అదే ఏడాది, అప్పటికి పాలస్తీనాని ఏలుతున్న బ్రిటన్ అక్కడికి కూడా వలసల్ని కుదించేసింది. ఆ తర్వాత నాజీల చేతుల్లో అరవై లక్షల మంది యూదుల చావులు. ఇంకొకటి కూడా మీ వాడికి ఎవరూ చెప్పి ఉండరు: ఇజ్రాయెల్ యూదుల్లో సగం దాకా మూలాలు యూరప్‌వి కావు, బాగ్దాద్, యెమెన్, మొరాకో, ఈజిప్టువి. 1941లో బాగ్దాద్‌లో యూదుల మీద ఊచకోత జరిగింది, 1950, 51లలో ఇరాక్ యూదులు లక్షమందికి పైగా ఆస్తులు వదిలేసి విమానాలెక్కారు. వాళ్లని యూరప్ వలస పాలకులంటే వాళ్లకి ఎలా ఉంటుంది?

ఇంత చెప్పాను కదా, ఇప్పుడు మీ తమ్ముడు వినాల్సింది. ఆ నేల ఖాళీగా లేదు. 1899లో జెరూసలేం మాజీ మేయర్ యూసుఫ్ అల్ ఖాలిదీ ఫ్రాన్స్ ప్రధాన రబ్బీకి ఒక ఉత్తరం రాశారు. యూదులకు ఆ నేలతో ఉన్న చారిత్రక బంధాన్ని ఆయన గౌరవంగా ఒప్పుకున్నారు, కానీ ఇక్కడ ఇప్పటికే మనుషులున్నారు, దేవుడి పేరు మీద అడుగుతున్నాను, పాలస్తీనాను వదిలేయండి అన్నారు. ఆ ఉత్తరం హెర్జెల్ చేతికి చేరింది. హెర్జెల్ జవాబు రాస్తూ, మేమొస్తే మీ భూముల విలువ పెరుగుతుంది, మిమ్మల్ని పంపించేయాలని ఎవరనుకుంటారు అన్నాడు. వాళ్లు డబ్బు లెక్క అడగలేదు, ఊరు మాది అన్నారు. ఆ ఉత్తరాలు రెండూ చదివితే ముందు జరగబోయేదంతా అందులోనే కనిపిస్తుంది.

1917లో బ్రిటన్ విదేశాంగ మంత్రి బాల్‌ఫోర్ ప్రకటన వచ్చింది, అసలు ఇంగ్లీషులో 67 మాటలు. యూదులకు ‘జాతీయ నివాసం’ ఇస్తాం అంటూ, అప్పటికి పదింట తొమ్మిది మందిగా ఉన్న అరబ్బుల్ని పేరు పెట్టి పిలవనైనా పిలవకుండా ‘యూదులు కాని సమాజాలు’ అని తేల్చేసింది, వాళ్లకు పౌర, మత హక్కులుంటాయంది గానీ రాజకీయ హక్కుల ఊసు లేదు. అప్పటికే అరబ్బులకు కూడా స్వాతంత్ర్యం ఇస్తామని బ్రిటన్ మాటిచ్చి ఉంది. మీకు ఆశ్చర్యంగా ఉంటుంది, ఆ మంత్రివర్గంలో ఈ ప్రకటనను తీవ్రంగా వ్యతిరేకించింది అందులోని ఒకే ఒక్క యూదు మంత్రి ఎడ్విన్ మాంటేగు. మన పిల్లలు గ్రూప్స్ పరీక్షలకి బట్టీపట్టే మాంటేగు–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల మాంటేగు ఆయనే. యూదులకు వేరే దేశం ఉందంటే, మేం పుట్టిన దేశాల్లో మమ్మల్ని పరాయివాళ్లని చేస్తారు అన్నది ఆయన భయం. 1922లో బ్రిటిష్‌వాళ్లే లెక్కపెడితే పాలస్తీనాలో యూదులు దాదాపు 11 శాతం. 1947లో ఐక్యరాజ్యసమితి దేశాన్ని చీల్చే నాటికి మూడో వంతు, వాళ్ల రాజ్యానికి ఇచ్చింది సగానికి పైగా నేల. అరబ్బులు కాదన్నారు, భారత్ కూడా వ్యతిరేకంగా ఓటేసింది. కాదనడంలో అన్యాయం లేదని నాకనిపిస్తుంది. కానీ 1948లో ఇజ్రాయెల్ ఏర్పడగానే ఐదు అరబ్ దేశాల సైన్యాలు దండెత్తి, యుద్ధంతో తేల్చుకుందామనుకోవడం వల్ల పాలస్తీనీయులకు ఒరిగిందేమీ లేదు. పాలస్తీనీయుల నాయకుల్లో ముఖ్యుడు, జెరూసలేం ముఫ్తీ, 1941లో బెర్లిన్ వెళ్లి హిట్లర్‌తో చేతులు కలిపినవాడు. ఇదీ మీ వాడికి చెప్పాలి.

మీ తమ్ముడు విమానం దిగే బెన్ గురియన్ ఎయిర్‌పోర్టు పక్కనే లోద్ అనే ఊరుంది. మీకది తెలిసిన ఊరే, అపొస్తలుల కార్యాల్లో పేతురు పక్షవాతంతో పడివున్న ఐనెయను లేపిన లుద్ద. 1948 జులైలో ఇజ్రాయెల్ సైన్యం ఆ ఊరు పట్టుకున్నాక, 12వ తేదీన జనాన్ని వయసుతో పనిలేకుండా వెళ్లగొట్టమని ఉత్తర్వు వచ్చింది. కింద సంతకం తర్వాత ఇజ్రాయెల్ ప్రధాని అయిన యిత్జాక్ రబీన్‌ది. లోద్, పక్కనున్న రామ్లే కలిపి యాభై వేల మందికి పైగా ఎండలో రమల్లా వైపు బయల్దేరారు, పిల్లలూ ముసలివాళ్లూ దాహంతో దారిలోనే పడిపోయారు. ఖాళీ అయిన ఆ ఇళ్లలోకి తర్వాత వచ్చిందెవరు? యూరప్‌లో చావు తప్పించుకున్నవాళ్లు, అరబ్ దేశాల నుంచి గెంటేయబడ్డ యూదులు. ఒక శరణార్థి ఇంట్లో ఇంకో శరణార్థి. రబీన్ తర్వాతి రోజుల్లో తన జ్ఞాపకాల్లో ఈ సంగతి రాస్తే ఇజ్రాయెల్ సెన్సారు ఆ పేజీలు తీసేయించింది. అదే రబీన్ 1993లో పాలస్తీనా నాయకుడు అరాఫత్‌తో ఓస్లో శాంతి ఒప్పందం కుదుర్చుకున్నాడు, 1995లో ఒక యూదు తీవ్రవాది చేతిలో చచ్చిపోయాడు. మొత్తం మీద ఆ యుద్ధంలో ఏడు లక్షల మందికి పైగా పాలస్తీనీయులు ఇళ్లు పోగొట్టుకున్నారు, వాళ్లను తిరిగి రానివ్వలేదు. మీ వాడి రూమ్మేట్ లాంటి పిల్లల ఇళ్లలో పాత తాళంచెవులు దాచుకుని ఉంటారు, అవి ఈ ఊళ్లవే.

ఇంతకీ నా లెక్క ఏంటంటారా? 1948 దాకా జరిగినదాంట్లో పెద్ద వాటా యూరప్‌దీ బ్రిటన్‌దీ. ఒకరు యూదుల్ని తరిమారు, ఇంకొకరు తమది కాని నేలను ఇద్దరికి మాటిచ్చారు. 1948 గెంటివేతలు ఇజ్రాయెల్ బాధ్యత, యుద్ధం అరబ్ రాజ్యాల బాధ్యత కూడా. 1967 యుద్ధం తర్వాత కథ వేరు. అప్పటి నుంచి వెస్ట్ బ్యాంక్ మీద అధికారం ఇజ్రాయెల్ సైన్యానిది. అక్కడ ఇళ్లు కట్టుకుని స్థిరపడ్డ యూదులు, అంటే సెటిలర్లు, ఇవాళ ఐదు లక్షల మంది దాకా ఉన్నారు, తూర్పు జెరూసలేంలో రెండు లక్షలకు పైనే. ఒకే కొండ మీద పక్కపక్క ఊళ్లలో సెటిలర్‌కి ఇజ్రాయెల్ పౌర చట్టం, పాలస్తీనీయుడికి సైనిక కోర్టు. దీనికి హెర్జెల్‌నీ హిట్లర్‌నీ అడ్డం పెట్టుకోలేం, లేబర్ పార్టీ వచ్చినా లికుడ్ పార్టీ వచ్చినా ఏ ప్రభుత్వమూ ఆపలేదు. 2024 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం ఈ ఆక్రమణ చట్టవిరుద్ధమని అభిప్రాయం చెప్పింది, నాకూ అందులో సందేహం లేదు. ఎవరి చేతిలో ఎక్కువ అధికారం ఉందో వాళ్ల బాధ్యతే ఎక్కువ.

అలాగని 2023 అక్టోబరు 7ని ఆ ఖాతాలో వేయడానికి వీల్లేదు. ఆ రోజు దాదాపు 1,200 మందిని చంపి, 251 మందిని ఎత్తుకెళ్లింది హమాస్, దాని వెంట వెళ్లినవాళ్లు. ఇళ్లల్లో నిద్రపోతున్నవాళ్లని, పాటల కచేరీకి వచ్చిన కుర్రాళ్లని, పొలాల్లో పనిచేసే థాయ్ కూలీలని, వ్యవసాయం నేర్చుకోవడానికొచ్చిన నేపాలీ విద్యార్థులని చంపడం ఏ ఆక్రమణకూ జవాబు కాదు. అది ఎందుకు పుట్టిందో కారణం చెప్పడం వేరు, సమర్థించడం వేరు, మీ వాడు ఈ గీత దాటుతుంటే తల్లిగా మీరే ఆపాలి. ఆ తర్వాత గాజాలో జరిగినదాన్ని మళ్లీ అక్టోబరు 7 ఖాతాలో వేయడానికీ వీల్లేదు. 2025 అక్టోబరులో కాల్పుల విరమణ నాటికి గాజా ఆరోగ్యశాఖ లెక్కలో చనిపోయినవాళ్లు 67 వేలు దాటారు, వేలమంది పిల్లలు. గాజా జనాభాలో దాదాపు సగం పిల్లలే, హమాస్ గెలిచిన 2006 ఎన్నికల నాటికి వాళ్లు పుట్టనైనా లేదు, ఆ తర్వాత అక్కడ మళ్లీ ఎన్నికలే లేవు. ఆ బాంబులు, తిండి ఆపేయడం ఎవరు ఆదేశించారో వాళ్లదే ఆ బాధ్యత. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2024 నవంబరులో ఒకే రోజు ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు, మాజీ రక్షణ మంత్రి గాలంట్‌ల మీదా, హమాస్ సైనిక నాయకుడి మీదా వారంట్లు ఇచ్చింది. జాతి నిర్మూలన అవునా కాదా అన్నది అంతర్జాతీయ న్యాయస్థానంలో ఇంకా నడుస్తున్న కేసు. ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం అవునంది, ఇజ్రాయెల్ కాదంది. క్రిస్మస్ రాత్రి మీ డైనింగ్ టేబుల్ మీద ఆ పేరు తేలదు, దాని మీద మాత్రం పందెం వేసుకోనివ్వకండి.

ఇప్పుడు ఇంట్లో ఏం చేయాలి. మొదటిరోజే ఈ సంగతి ఎత్తొద్దు, ఎత్తనివ్వొద్దు. ప్రయాణపు బడలిక, జెట్ లాగ్ మీద ఉన్నప్పుడు ఎవరికీ సహనం ఉండదు. రెండోమూడో రోజు, చుట్టాలెవరూ లేనప్పుడు, ఇద్దరినీ కూర్చోబెట్టి వాదన కాకుండా కబురు చెప్పమనండి. ‘తమ్ముడూ, ఆ పెద్దావిడ వాళ్లది ఏ ఊరురా, ఎలా వచ్చారు అక్కడికి?’ అని మీరే అడగండి. ‘నాన్నా, మీ రూమ్మేట్ వాళ్లది అసలు ఏ ఊరు, తాతలు ఎక్కడ ఉండేవాళ్లు?’ అని వాణ్ణీ అడగండి. మధ్యలో అవతలివాళ్లు నోరెత్తకుండా చూసుకునే పని మీది, అక్కగా ఒకరి మీద, అమ్మగా ఒకరి మీద మీకా అధికారం ఉంది. అదయ్యాక కూడా వాదించుకోవాలనుంటే ఒక షరతు పెట్టండి: మాట మొదలెట్టే ముందు, తన పక్షానికి ఇబ్బందిగా ఉండే ఒక సంఘటన తేదీతో సహా తానే చెప్పాలి. మీ తమ్ముడు లుద్ద చెప్పాలి, లేదా 1994లో హెబ్రోన్ మసీదులో ఒక యూదు సెటిలర్ నమాజు చేస్తున్న 29 మందిని కాల్చేసిన సంగతి చెప్పాలి. మీ వాడు 1929లో అదే హెబ్రోన్‌లో 67 మంది యూదుల్ని చంపేసిన సంగతి చెప్పాలి, అప్పటికి ఇజ్రాయెల్ అనే దేశమే లేదు. తన నోటితో ఒకసారి చెప్పినవాడు తర్వాత అవతలివాణ్ణి టెర్రరిస్టనో జాత్యహంకారి అనో అనడానికి కాస్త ఆలోచిస్తాడు.

మీ తమ్ముణ్ణి విడిగా పిలిచి ఒకటి చెప్పండి, పాలస్తీనా వాళ్లంటే హమాస్ కాదు, అందరూ ముస్లిములూ కాదు. మీ వాణ్ణి విడిగా పిలిచి చెప్పండి, యూదులందరూ ఇజ్రాయెల్ ప్రభుత్వం కాదు, క్యాంపస్‌లో కిప్పా (యూదుల చిన్న టోపీ) పెట్టుకున్న పిల్లాడు నెతన్యాహు తరఫున జవాబు చెప్పాల్సిన పనిలేదు. జోర్డాన్ నదికీ మధ్యధరా సముద్రానికీ మధ్య ఇవాళ యూదులు డెబ్భై లక్షల పైచిలుకు, పాలస్తీనీయులూ దాదాపు అంతే. ఎవరూ ఎక్కడికీ పోరు. ఎవరి పరిష్కారంలోనైనా రెండో డెబ్భై లక్షల మంది మాయమైపోతున్నారంటే అది వినక్కర్లేదు, చెప్పేది మీ ఇంటివాడైనా సరే.

జెరూసలేం యాత్ర గురించి అడిగారు. ప్రభుత్వ ప్రయాణ సూచనలు చూసుకుని, పరిస్థితి బాగుంటే వెళ్లండి. కానీ ముందు టూర్ వాళ్లని, బేత్లెహేములో ఎంతసేపు ఉంచుతారని అడగండి. చాలా టూర్లు బస్సులో చెక్‌పోస్టు దాటించి, యేసు పుట్టిన చోటు చూపించి, ఒక షాపులో ఒలీవ కర్ర బొమ్మలు కొనిపించి, సాయంత్రానికి జెరూసలేం హోటల్‌కి తెచ్చేస్తారు. బేత్లెహేము వెస్ట్ బ్యాంక్‌లోనే ఉంది, పక్కనే ఎత్తైన గోడ ఉంది. అక్కడ మీ సంఘంవాళ్లే, లూథరన్లు, ఉన్నారు. 2023 క్రిస్మస్‌కి వాళ్ల చర్చిలో పశువుల పాకకి బదులు సిమెంటు శిథిలాలు పేర్చి, బాలయేసు బొమ్మని పాలస్తీనా కండువాలో చుట్టి వాటి మధ్య పడుకోబెట్టారు. ఒక రాత్రి అక్కడో, గొర్రెల కాపరుల పొలమున్న బేత్ సాహూర్‌లోనో బస ఏర్పాటు చేయమనండి, ఆదివారం ఆరాధన వాళ్లతో చేయండి. జెరూసలేంలో ఉన్న రోజున నాజీలు చంపిన యూదుల స్మారక మ్యూజియం యాద్ వషేమ్ తప్పకుండా చూడండి, దానికి గంట సరిపోదు, సగం రోజు పెట్టమనండి. ఈ రెండూ కుదరవన్న టూర్ అయితే ఇంకో టూర్ చూసుకోండి. వీలైతే మీ తమ్ముడి సెలవు చూసుకుని తారీఖులు పెట్టుకోండి, హీబ్రూ వచ్చిన మనిషి పక్కనుంటే లోద్‌కి కూడా ఒక పూట వెళ్లిరావచ్చు.